ముప్పై ఎనిమిదో నిమిషం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు నల్లగొండలోనే మాట్లాడుకుంటున్నాం. మన అతిథి డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతారు, తరగతిలో చెప్పే పాఠాన్నే రికార్డు చేసి పంపుతారు. మేడం, మొదటి రికార్డింగు ఎలా వచ్చింది?

అతిథి: ఘోరంగా! వెనక బెంచీ మీద కెమెరా పెట్టాం. బొమ్మ బాగానే ఉంది. వింటే ఫ్యాను గరగర, వరండాలో చెప్పుల చప్పుడు. నా గొంతేమో బావిలోంచి వస్తున్నట్టుంది.

వ్యాఖ్యాత: మరి ఇప్పుడు?

అతిథి: మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే నేరుగా చేరే గొంతు బలం నాలుగో వంతుకు పడిపోతుంది, ఫ్యాను చప్పుడు మాత్రం తగ్గదు. ఇక చీర కొంగు మైకుకు రాసుకుంటే అదొక బరబర. అందుకే భుజం పిన్నుకు కాస్త దూరంగా తగిలిస్తాను. ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు, అన్నీ కాలరున్న మగవాళ్ల కోసమే చేసినట్టుంటాయి.

వ్యాఖ్యాత: (నవ్వు) వీడియో సంగతి?

అతిథి: బోర్డు మీద అక్షరం కనబడితే చాలు, నా ముఖం అక్కర్లేదు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంట వీడియో అంటే 450 ఎంబీ. అదే 64 కిలోబిట్ల ఆడియో అయితే 29 ఎంబీ లోపే. దేవరకొండ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఏది వింటుంది? అందుకే రెండూ పంపుతాను.

వ్యాఖ్యాత: ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్ పేరుతో 2003 నుంచి ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' 2017లో వచ్చింది. అంత పెద్ద పాఠాలుండగా మీది ఎందుకని ఎవరైనా అడగరా?

అతిథి: అడుగుతారు. ఆ పాఠాలు బాగుంటాయి, నేనే పిల్లలకు చూపిస్తాను. కానీ ఒకసారి, తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఫ్లోరైడును తొలగించే నల్లగొండ టెక్నిక్ చెబుతున్నాను. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' దాన్ని రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం కలుపుతారు, ఫ్లోరైడు వాటితో కలిసి మడ్డిలా కిందికి దిగుతుంది. వెనక నుంచి ఒక అబ్బాయి లేచాడు. "మరి ఆ పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగలదా మేడం?" అన్నాడు. మిగులుతుంది. ఆ పద్ధతి మీద ఉన్న పెద్ద అభ్యంతరమే అది. నేనింకా అక్కడికి రాలేదు.

వ్యాఖ్యాత: అది మైకులో పడిందా?

అతిథి: పడలేదు. పిల్లల ప్రశ్నను నేను మళ్లీ పైకి చెప్పి జవాబివ్వడం అలవాటు చేసుకున్నాను కాబట్టి దక్కింది. ఆ అలవాటుతో ఇంకోటి తెలిసింది. అంతకుముందు చాలా ప్రశ్నలు నేను సగమే వినేదాన్ని. తిరిగి చెప్పాలంటే పూర్తిగా వినక తప్పదు కదా.

వ్యాఖ్యాత: ఆ అబ్బాయికి ఇబ్బంది లేదా?

అతిథి: ప్రశ్నతో పాటు వాళ్ల నానమ్మ మోకాళ్ల గురించి కూడా చెప్పాడు. తర్వాత వచ్చి అది తీసేయమన్నాడు, తీసేశాను. ప్రశ్న ఉంచాను. ఇప్పుడు పరీక్షల ముందు పిల్లలు ఆ రికార్డింగు పేరు కూడా చెప్పరు, "ముప్పై ఎనిమిదో నిమిషం పంపండి మేడం" అంటారు.