లేపాక్షికి 72 గుర్తులు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. బ్రౌజర్ అడ్రస్ బార్‌లోంచి తెలుగు లింకు కాపీ చేసినప్పుడు కనిపించే ఒక వింత. చిన్నదే అయినా చాన్నాళ్ళు నన్ను తొలిచేసింది.

మా అమ్మకు లేపాక్షి అంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో నాన్నతో వెళ్ళి వేలాడే స్తంభం చూసొచ్చింది. ఒకరోజు తెలుగు వికీపీడియాలో ఆ ఊరి పేజీ చదువుతూ, అమ్మకు పంపుదామని లింకు కాపీ చేశాను. అడ్రస్ బార్‌లో 'లేపాక్షి' అని చక్కగా తెలుగులోనే ఉంది. వాట్సాప్‌లో అతికించేసరికి పర్సెంట్ ఈ-సున్నా, పర్సెంట్ బీ-సున్నా, పర్సెంట్ బీ-రెండు... అలా సాగిపోయింది. అమ్మ ఫోన్ చేసింది. "ఏం పంపావు నాన్నా? నొక్కితే ఫోన్ ఏమవుతుందోనని తెరవలేదు" అంది.

ఆ గుర్తులు ఊరికే రాలేదు. 1994 డిసెంబరులో వచ్చిన యూఆర్ఎల్ (వెబ్ చిరునామా) నియమాల్లో ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, కొన్ని గుర్తులకే చోటు. మిగతా లిపులను బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటును రెండు గుర్తులతో రాసి, దాని ముందు పర్సెంట్ గుర్తు పెట్టాలి. మనం మూడక్షరాలుగా చదివే లేపాక్షి కంప్యూటర్‌కు ఎనిమిది ముక్కలు: ల, ఏత్వం, ప, దీర్ఘం, క, పొల్లు, ష, గుడి. ముక్కకు మూడు బైట్లు, బైటుకు మూడు గుర్తులు. మొత్తం 72. తెలుగు ముక్క ఏదైనా ఈ-సున్నాతోనే మొదలవుతుంది, ఆ తర్వాత బీ-సున్నా గానీ బీ-ఒకటి గానీ వస్తుంది. మనం మామూలుగా వాడే హల్లులన్నీ బీ-సున్నాలో ఉన్నాయి. గుడి కూడా అక్కడే. గుడిదీర్ఘం మాత్రం పక్కనే ఉన్న బీ-ఒకటిలోకి వెళ్ళింది. ఇది గమనించిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

ఇంతవరకూ అర్థమైంది. నన్ను తికమక పెట్టింది వేరే. ఒకసారి మౌస్ జారి లింకులో మొదటి అక్షరం సెలెక్ట్ కాలేదు. అలాగే కాపీ చేసి అతికిస్తే లింకు చివర 'లేపాక్షి' అని శుభ్రంగా తెలుగులో వచ్చింది! మళ్ళీ మొత్తం సెలెక్ట్ చేశాను, పర్సెంట్లు. మొదటి అక్షరం వదిలేశాను, తెలుగు. క్రోమ్‌లోనూ అంతే, ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే. ఒక్క అక్షరానికి ఇంత తేడా ఏమిటి?

ఫైర్‌ఫాక్స్ సోర్స్ కోడ్, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. అక్కడే దొరికింది జవాబు. మొదటి నుంచీ సెలెక్ట్ చేస్తే బ్రౌజర్ దాన్ని చిరునామాగా తీసుకుంటుంది, ఎక్కడ అతికించినా తెగిపోకుండా నియమం ప్రకారం మార్చి ఇస్తుంది. మధ్యలోంచి తీసుకుంటే అది ఉత్త మాట, ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది.

ఆ జాగ్రత్త తప్పని నేననను. తెలుగు అక్షరం ఎదురైతే లింకును సగంలో తుంచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ అన్ని లిపులతోనూ చిరునామా రాసుకునేందుకు 2005 జనవరిలోనే ఆర్ఎఫ్‌సీ 3987 అనే ఇంటర్నెట్ ప్రమాణం వచ్చింది. మరోపక్క, లింకు నొక్కేముందు ఒకసారి చదవమని పెద్దవాళ్ళకు మనమే చెబుతున్నాం. అమ్మ చదవబోయింది. చదవడానికి అందులో ఏమీ లేదు. ఇంగ్లీషు పేజీ అయితే ఊరి పేరు కనిపించేది. తెలుగు పేజీకే ఆ వీలు లేకుండా పోయింది, నాకు బాధ అక్కడ.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళు అబౌట్ కాన్ఫిగ్ (about:config) అనే లోపలి సెట్టింగుల పేజీలో 'డీకోడ్ యూఆర్ఎల్స్ ఆన్ కాపీ' (decodeURLsOnCopy) అనే సెట్టింగ్ వెతకండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే లింకు తెలుగులోనే వస్తుంది. క్రోమ్‌లో నేను మొదటి అక్షరం వదిలి కాపీ చేసి, అతికించాక ఆ ఒక్క అక్షరం చేత్తో కొడుతున్నాను. పోయిన వారం అమ్మకు అలాగే పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది: "స్తంభం కింద మీ నాన్న తువ్వాలు దూర్చి చూశారు, గుర్తొచ్చింది."