పది తొమ్మిదుల ఫోన్ నెంబరు

అందరికీ నమస్కారం. శాలువాలు, సుదీర్ఘ పరిచయాలు లేని సభ కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్లిపోదాం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం: క్లౌడ్‌లో దొరికే గ్రాఫ్ డేటాబేస్ సర్వీసులు, వాటి మధ్య తేడాలు. మూడు కాలమ్‌లతో ఒక పట్టిక వేసుకొచ్చాను. దాని దాకా వెళతానో లేదో నాకే నమ్మకం లేదు.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. పెళ్లిలో ఇద్దరు పెద్దవాళ్లు ఎదురుపడితే, మేనత్త తోడికోడలు, ఆవిడ తమ్ముడి వియ్యంకుడు అంటూ నాలుగు మాటల్లో వరస తేల్చేస్తారు. టేబుళ్లలో ఉన్న డేటాతో ఆ పని చేయాలంటే మెట్టుమెట్టుకీ ఒక జాయిన్, అంటే రెండు టేబుళ్లని కలిపే ముక్క, రాయాలి. గ్రాఫ్‌లో మనుషులు నోడ్లు, వరసలు ఎడ్జ్‌లు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి నడుచుకుంటూ పోవడమే. 2016లో పనామా పత్రాలు బయటపడినప్పుడు, కోటీ 15 లక్షల పత్రాల్లో ఏ కంపెనీ వెనక ఎవరున్నారో వెతకడానికి పాత్రికేయులు నియోఫోర్‌జే అనే గ్రాఫ్ డేటాబేస్ వాడింది ఇందుకే.

నేను పనిచేసింది బీమా మోసాలు పట్టుకునే ప్రాజెక్టులో. ఒకే ఫోన్, ఒకే బ్యాంకు ఖాతా, వేర్వేరు పేర్లతో క్లెయిమ్‌లు. గ్రాఫ్ కోసమే పుట్టిన పని. ఒక సర్వీసు వాళ్లు డెమో ఇచ్చారు, పేరు చెప్పను. ఆ డెమో డేటా ఎంత ముచ్చటగా ఉందంటే, ఒక్కో మనిషికి ఒక్కటే ఫోన్, ఒక్కటే ఇల్లు. జవాబు రెప్పపాటులో వచ్చేసింది. మేనేజర్లు మురిసిపోయారు, సంతకాలు అయిపోయాయి.

ఆ తర్వాత అసలు డేటా ఎక్కించాం. ఫారంలో ఫోన్ నెంబరు తప్పనిసరి. కస్టమర్ ఇవ్వకపోతే కౌంటర్లో కూర్చున్నతను ఏం చేస్తాడు? 9 నొక్కి పట్టుకుంటాడు. పది తొమ్మిదులు! నవ్వుతున్నారు కదా, మీ ఆఫీసులోనూ ఆ నెంబరు ఉంది. ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా!

ఆ ఒక్క నోడ్‌కి వేలమంది వేలాడుతున్నారు. దీన్నే సూపర్‌నోడ్ అంటారు. ఫలానా మనిషికి ఫోన్ ద్వారా తగిలినవాళ్లు, వాళ్లకి తగిలినవాళ్లు ఎవరని అడిగితే చాలు, సగం రాష్ట్రం చుట్టాలైపోయేది. క్వెరీ, అంటే మేం డేటాబేస్‌ని అడిగిన ప్రశ్న, జవాబుతో తిరిగి వచ్చేది కాదు. సర్వీసు వాళ్లకి చెబితే 'మీ డేటా బాగాలేదు, పెద్ద సైజు తీసుకోండి' అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డేటా అంత బాగుంటే మేం మోసాలు వెతకడం దేనికండీ?

సరే, పట్టిక. ధరల పేజీలు పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని కొలుస్తారు. నియోఫోర్‌జే వాళ్ల క్లౌడ్ సర్వీసు ఆరా డీబీలో మీరు తీసుకున్న మెమరీని బట్టి గంటకింత. అక్కడ తొమ్మిదుల నోడ్ బిల్లు పెంచదు, మెమరీని మింగుతుంది. అమెజాన్ నెప్ట్యూన్ మామూలు పద్ధతిలో ఇన్‌స్టెన్స్ (అద్దె సర్వర్) గంటలకి, స్టోరేజీకి, డిస్క్ దగ్గరికి వెళ్లిన ప్రతి రాకపోకకీ విడివిడిగా కట్టాలి. అదే నోడ్ ఇక్కడ రాకపోకల లెక్కలో తేలుతుంది. వాడకాన్ని బట్టి తనే పెరిగి తగ్గే సర్వర్‌లెస్ పద్ధతి ఉంది కదా అంటారు. ఉంది, కానీ వాడకం లేనప్పుడు పూర్తిగా సున్నాకి దిగదు.

మూడోది మైక్రోసాఫ్ట్ వాళ్ల కాస్మోస్ డీబీ, దాని దగ్గర కాస్త ఆగాలి. అక్కడ ప్రతి పనికీ రిక్వెస్ట్ యూనిట్లలో తూకం. కొనుక్కున్న యూనిట్లు దాటితే 429 ఎర్రర్, అంటే కాసేపాగి రమ్మని వెనక్కి పంపడం. పైగా ఎడ్జ్‌ని అది బయల్దేరిన నోడ్ దగ్గరే దాస్తుంది. మనిషి నుంచి ఫోన్‌కి గీత గీశారనుకోండి, ఫోన్ నుంచి మనుషుల్ని వెనక్కి వెతకాలంటే పార్టిషన్‌లన్నీ, అంటే డేటాని విడగొట్టి దాచిన ముక్కలన్నీ, తిరగాల్సిందే. మోసం వెతికేవాడికి కావలసింది ఆ వెనకదారే! గీత ఎటునుంచి ఎటు అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి.

క్వెరీలు రాసే భాష సంగతి త్వరగా చెప్పేస్తాను. సైఫర్, గ్రెమ్లిన్, స్పార్కిల్ దేని దారి దానిదే. నెప్ట్యూన్‌లో గ్రెమ్లిన్‌తో రాసింది ఓపెన్‌సైఫర్‌కి కనిపిస్తుంది, స్పార్కిల్‌కి కనిపించదు. 2024 ఏప్రిల్‌లో గ్రాఫ్ క్వెరీలకి జీక్యూఎల్ అనే ఐఎస్ఓ (అంతర్జాతీయ) ప్రమాణ భాష వచ్చింది. ఆశ పెట్టుకోవచ్చు. కానీ సర్వీసులే ఆగిపోవచ్చు: రెడిస్‌గ్రాఫ్ అనే ఇంకో గ్రాఫ్ డేటాబేస్‌ని ఆపేస్తున్నామని దాని కంపెనీ 2023లో ప్రకటించింది. దాన్ని నమ్ముకున్న టీములు రాసుకున్నది సైఫర్‌లోనే కాబట్టి కనీసం క్వెరీలు మిగిలాయి.

కుర్రాళ్లూ, మీకో మాట. సంతకం పెట్టకముందే మీ డేటాలో పేర్లు మార్చి ఒక జిల్లా ముక్క తీయండి. ఎక్కువ ఎడ్జ్‌లున్న పది నోడ్లు పట్టుకోండి. వాటి మీదే మూడు మెట్ల క్వెరీ నడిపి, టైము, బిల్లు రెండూ రాసుకోండి. ఆరా ఉచిత శ్రేణిలో 2 లక్షల నోడ్లు, 4 లక్షల సంబంధాలు పడతాయి, మొదలుపెట్టడానికి చాలు. డెమో ఇచ్చేవాళ్ల డేటా ముట్టుకోకండి. మళ్లీ చెబుతున్నా, ముట్టుకోకండి.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఒక్కటి మిగిలింది. చెల్లింపుల డేటా మన దేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది. అమెజాన్ హైదరాబాద్ రీజియన్, అంటే అక్కడి డేటా సెంటర్ల గుంపు, 2022 నవంబరులో వచ్చింది, నిజమే. కానీ రీజియన్ వచ్చిన రోజే సర్వీసులన్నీ రావు. మీకు కావలసిన సర్వీసు, కావలసిన సైజు మీ రీజియన్‌లో ఉన్నాయని రాతపూర్వకంగా తీసుకోండి. ఇక ప్రశ్నలు. వెనక వరసలో చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నాయన, ముందు మీరు అడగండి.