పుర్రెను వేలితో తిప్పి చూడండి

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ మ్యూజియంతో ఒక చిక్కుంది. ఫోన్ తెర మీద కోడిపిల్లా, టైరనోసారస్ రెక్సూ ఒకే సైజులో కనిపిస్తాయి. అందుకే నేను బొమ్మ చూసే ముందు పొడవెంతో చదివి, అన్ని మీటర్లు ఇంట్లో అడుగులతో కొలుస్తాను. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న ‘సూ’ అనే టైరనోసారస్ పొడవు 12 మీటర్ల పైచిలుకు. ముందు గదిలో మొదలుపెట్టి పదహారు అడుగులు వేసేసరికి వీధి మెట్ల మీద తేలాను.

సైజు ఒంటబట్టాక మాత్రం తెరకున్న సుఖం గ్యాలరీకి లేదు. అక్కడైతే తాడు ఇవతలే నిలబడాలి. ఇక్కడ వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ త్రీడీ నమూనాను వేలితో తిప్పి, దవడ కింద నుంచీ కొమ్ముల వెనక నుంచీ చూడొచ్చు.

దాని కథ వినాలి. 1905లో ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. ప్రపంచంలో అలా నిలబెట్టిన మొదటి ట్రైసెరాటాప్స్ అదే. ఒకే జంతువు ఎముకలన్నీ దొరకక, చాలా జంతువులవి కలిపి అతికించారు. తల ఒంటికి చిన్నదైపోయింది. పాదాలైతే ఏకంగా బాతుమూతి డైనోసార్‌వి! తొంభై ఏళ్లు జనం దాన్నే చూసి మురిసిపోయారు. 1998లో ఎముకలను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో తలను పెంచారు. పొట్టిగా ఉన్న చేతి ఎముకను తీసేసి, రెండో చేతిదాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టారు. ఆ కొలతలతో చేసిన నకలు 2001లో గ్యాలరీకి ఎక్కింది. తన తప్పును తనే చెప్పుకున్న మ్యూజియం అంటే నాకు గౌరవం పెరిగింది.

కాబట్టి బొమ్మ కింద రాసింది తప్పకుండా చదవండి. ‘క్యాస్ట్’ అని ఉంటే అది అచ్చు పోసిన నకలు. లండన్‌కు పేరు తెచ్చిన ‘డిప్పీ’ అనే డైనోసార్ అస్థిపంజరం కూడా నకలే, అసలు ఎముకలు పిట్స్‌బర్గ్‌లో ఉన్నాయి. మోసపోయామని కొందరు ఉసూరుమంటారు. నాకు అలా అనిపించదు, మంచి అచ్చులో ఎముక మీది గాడి కూడా దిగుతుంది.

‘సూ’ ఒంట్లో ఎక్కువ భాగం అసలు ఎముకలే. మొండెం మీది తల మాత్రం నకలు. అసలు పుర్రె బరువుకు ఆ చట్రం ఆగదు, అందుకని దాన్ని వేరే అద్దాల పెట్టెలో ఉంచారు.

ఆ పుర్రె కింది దవడలో గుండ్రటి రంధ్రాలున్నాయి. మరో టైరనోసారస్ కరిచిందని మొదట్లో కొందరు అనుకున్నారు. పావురాలకూ డేగలకూ ఇప్పటికీ గొంతులో వచ్చే పరాన్నజీవి జబ్బు లాంటిదే సోకిందని 2009లో ఇంకొందరు వాదించారు. కరిచిన గాట్లయితే పళ్ల వరుసలో ఉండాలి కదా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ దవడ ఫొటో ఇప్పుడు తెర మీద వేస్తున్నాను. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, వరుస ఎక్కడైనా కనిపిస్తోందేమో చెప్పండి.