గేటుకి తాళం వేస్తే డబ్బు మిగలదు

(విజయనగరంలో విశ్రాంత ఉద్యోగులు, కార్మికుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి, తాతల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లలకి నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఈ హాలు ఇప్పించినవారికి, పొద్దున్నుంచి టీలు అందిస్తున్న కుర్రాళ్ళకి, మైకు పెట్టిన అబ్బాయికి కూడా పేరుపేరునా నమస్కారాలు. నా తర్వాత డాక్టరు గారు బీపీ గురించి మాట్లాడాలి, ఆయన టైము తినొద్దని కార్యదర్శి గారు ముందే చెప్పారు. నాకిచ్చిన విషయం ‘అరవై దాటాక నడక’. నడక మంచిది. రోజూ నడవండి, ఒంటికి చెమట పట్టేలా నడవండి, షుగరున్నవాళ్ళు ఖాళీ కడుపుతో నడవకండి. ఆ విషయం మీద నేను చెప్పగలిగింది ఇంతే, మిగతాది డాక్టరు గారు చెబుతారు. ఎక్కడ నడవాలి అన్నదే నా బాధ.

మన పార్కు గురించే అంటున్నాను. ఏ పార్కో మీకందరికీ తెలుసు. గేటుకి తాళం, చుట్టూ రేకులు, రేకుల మీద ‘ఆధునికీకరణ పనులు జరుగుచున్నవి, ప్రవేశము లేదు’ అని బోర్డు. పనులు ఎక్కడ జరుగుతున్నాయో సందులోంచి తొంగి చూడండి. కంకర కుప్ప మీద తుమ్మమొక్క మొలిచింది. లోపల రంగులరాట్నం గుర్రాలకి తలల మీద రంగు పోయి ఫైబరు కనబడుతోంది. పిల్లల రైలు షెడ్డులో ఉంది, ఆ షెడ్డు కప్పు ఒకవైపు ఒరిగింది.

ఇది చెప్పడానికి నేనెవర్ని అంటే, నేను జూట్ మిల్లులో ఫిట్టర్ని. మిల్లు లాకౌట్ అయినప్పుడల్లా ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమయ్యేది, అలాంటి ఒక లాకౌట్‌లోనే ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ పార్కు ఆట యంత్రాల మెయింటెనెన్స్ పనిలో చేరాను. తర్వాత మిల్లు తెరిచినా పార్కు పని వదల్లేదు. సోమవారం పార్కుకి సెలవు, ఆ రోజు మాది. గ్రీజు గన్, స్పానర్ల సంచి, చిన్న సుత్తి, పాత బనియన్ల గుడ్డపీలికలు పట్టుకుని పొద్దున్నే దిగేవాళ్ళం. అందుకని ఆ యంత్రాల సంగతి నాకు తెలుసు, వాటి గురించి మాట్లాడే హక్కు నాకుంది.

ఏం జరిగిందో చెబుతాను. ఏ ఆఫీసు, ఏ అధికారి అన్నది చెప్పను, మనుషులు బదిలీ అయిపోతారు, పేర్లు చెప్పి లాభం లేదు. ముందు ఒక పెద్ద ప్లాను వచ్చింది. మ్యూజికల్ ఫౌంటెను, ఆకాశంలో సైకిలు తొక్కే ఆట, ఫుడ్ కోర్టు, కొత్త రైలు. రంగుల బొమ్మలు వేసిన డీపీఆర్ ఫైలు, అంటే పూర్తి వివరాల ప్రాజెక్టు నివేదిక. చూసి సంతోషించాం కూడా. కొత్తది వస్తోంది కదా అని పాతవాటికి గ్రీజు డబ్బులు ఆపేశారు. టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు, పాత బిల్లులే రాలేదు కొత్త పని ఎవరు చేస్తారని కాంట్రాక్టర్లు అన్నారు. మళ్ళీ పిలిచారు. ఎవరో ఒకాయన వచ్చి కంకర దింపి, రేకులు పాతి, మొదటి బిల్లు రాలేదని వెళ్ళిపోయాడు. ఈలోగా బడ్జెట్లో కోత. ముందు రెండో ఫేజు తీసేశారు, తర్వాత మొదటి ఫేజులో సగం తీసేశారు, ఇప్పుడు ప్రైవేటు వాళ్ళు ముందుకొస్తే చూద్దాం అంటున్నారు. కోతల్లో అన్నీ పోయాయి, రేకులు మాత్రం ఉండిపోయాయి.

డబ్బు లేదు కాబట్టి మూసి ఉంచాం అంటారు. అమ్మా, అయ్యా, నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట గురించే. మూసి ఉంచితే డబ్బు మిగలదు. రోజూ తిరిగే యంత్రానికి అయ్యే ఖర్చు కంటే ఆగిపోయిన యంత్రానికి ఎక్కువ అవుతుంది, కాకపోతే ఆ ఖర్చు ఏ ఫైలులోనూ ఇవాళ కనబడదు.

కొంచెం ఓపిక పట్టండి, బేరింగు సంగతి చెబుతాను. రంగులరాట్నం నడిమి స్తంభం కింద ఒక పెద్ద బేరింగు ఉంటుంది, గుర్రాలు, పిల్లలు, పై గొడుగు, అందరి బరువూ దాని మీదే. అది తిరుగుతున్నంతసేపు గ్రీజు అన్ని రోలర్లకీ పాకుతుంది, బరువు అన్నిటి మీదా సమానంగా పడుతుంది. ఆగిందనుకోండి, గ్రీజు కిందికి దిగిపోతుంది, పైన పొడిబారిపోతుంది, తేమ చేరుతుంది, బరువు నెలల తరబడి అవే చోట్ల పడి ఉంటుంది. రోలరు ఆనిన చోట సన్నగా తుప్పు గీత పడుతుంది. గోటితో రాస్తే తగులుతుంది ఆ గీత. ఆ తర్వాత మీరు ఎంత గ్రీజు కొట్టినా అది బాగుపడదు, మార్చాల్సిందే, మార్చాలంటే రాట్నం మొత్తం జాకీల మీద ఎత్తాలి. గేర్‌బాక్సు ఆయిల్ సీలు ఎండి పగులుతుంది. రైలింజను డీజిలు ట్యాంకులో నీరు చేరుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. బ్రేకు లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, సముద్రం ఎంతో దూరం లేదు.

సోమవారం నేనూ నా తోటివాడూ ఏం చేసేవాళ్ళమంటే, రాట్నం ఖాళీగా తిప్పి, పొడుగు స్క్రూడ్రైవరు మొన బేరింగు హౌసింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాళ్ళం. మంచి బేరింగు ఒకే తీరుగా సన్నగా ఉష్ మంటుంది. చెడిపోతున్నది మధ్యలో టక్ మంటుంది. ఆ టక్ వినగానే రాసి పెట్టుకునేవాళ్ళం, రెండు వారాల్లో సామాను తెప్పించేవాళ్ళం. ఆ పనికి పెద్ద డబ్బు కాదు. వారం వారం వచ్చే మనిషి కావాలి, అంతే. ఇప్పుడు ఆ మనిషే లేడు.

హుద్‌హుద్ రోజులు గుర్తున్నాయా? 2014 అక్టోబరు 12, ఆదివారం. పైడితల్లి అమ్మవారి పండగ అయిన కొద్ది రోజులకే. ఆ గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూలు. గాలి తగ్గాక పార్కుకి వెళ్తే గేటు దాకా కూడా పోలేకపోయాం, చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఒక నిద్రగన్నేరు చెట్టు రైలు పట్టా మీద పడి పట్టాని విల్లులా వంచేసింది. ఏ నిధీ లేదు, ఏ శాంక్షనూ లేదు, అడగడానికి ఫోన్లు కూడా పనిచెయ్యలేదు. పొద్దున్నే నడవడానికి వచ్చే పెద్దవాళ్ళు ఇంట్లోంచి గొడ్డళ్ళు, కత్తులు తెచ్చారు. టింబరు డిపోలో పనిచేసే ఒకాయన రంపపు మిషను తెచ్చాడు, దానికి పెట్రోలు అందరం చందా వేసుకుని పోయించాం. అప్పుడు ఇక్కడున్నవాళ్ళలో కొందరు వచ్చారు, మూడో వరసలో కూర్చున్న అన్నయ్య గారు వచ్చారు, ఆయనకి చేతికి బొబ్బలెక్కాయి. ఆడవాళ్ళు కొమ్మలు ఈడ్చారు. పట్టా సరిచెయ్యడానికి రోజులు పట్టింది, కానీ నడక బాట, ఉయ్యాలలు, జారుడుబల్ల మాత్రం కరెంటు రాకముందే తెరిచేశాం. ఇళ్ళల్లో ఫ్యాను లేక, టీవీ లేక, భయంతో ఉన్న పిల్లలంతా అక్కడే ఉన్నారు పొద్దుగూకేదాకా. ఆ పిల్లల అరుపులు విన్నాకే మాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు గారూ, క్షమించండి, ఇది పూర్తిగా చెప్పకపోతే నా మాట అర్థం కాదు. తుపానే మూయలేకపోయిన పార్కుని ఒక కాగితం మూసేసింది.

ఇది మన ఊరి కర్మే అనుకోకండి. ఢిల్లీలో అప్పూ ఘర్ అనే ఆటల పార్కు ఉండేది, 1982 ఏషియాడ్ క్రీడల గుర్తుగా పెట్టిన ఏనుగు పిల్ల అప్పూ పేరు పెట్టారు, 1984లో ప్రగతి మైదానంలో తెరిచారు, 2008లో మూసేశారు, ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకీ మెట్రోకీ పోయింది. ముంబయి గొరాయిలో ఎస్సెల్ వరల్డ్ పార్కు 1989లో మొదలైంది, 2022లో ఆగింది. అమెరికాలో మేరీల్యాండ్‌లో సిక్స్ ఫ్లాగ్స్ అనే కంపెనీ వాళ్ళ ఆటల పార్కు 2025 నవంబరులో మూసేశారు, దాదాపు 500 ఎకరాలు అమ్మకానికి పెట్టారు. డబ్బున్న దేశంలోనూ అంతే, ఖర్చు తగ్గించాలి అనగానే ముందు ఆట స్థలం మీదే కన్ను పడుతుంది.

నేను ఎక్కువగా తలుచుకునేది అమెరికాలోనే న్యూ ఆర్లీన్స్ ఊళ్ళో ఉన్న ఆటల పార్కుని. అది 2000లో తెరిచారు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చి వారాల తరబడి నీళ్ళల్లో ఉండిపోయింది. అక్కడి రోలర్ కోస్టర్లలో ఒకదాన్ని విప్పి, శుభ్రం చేసి, బాగుచేసి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో తీసుకెళ్ళారు, 2008లో గోలియత్ అనే పేరుతో అక్కడ మళ్ళీ తిప్పారు. అదే నీళ్ళల్లో నానిన ఇనుమే. మిగతా పార్కు చాలావరకు ఇదిగో అదిగో అంటూ ప్లాను మీద ప్లాను వేస్తూ దాదాపు ఇరవై ఏళ్ళు తుప్పు పట్టింది, 2024లో కూల్చడం మొదలుపెట్టారు. చెయ్యి పడినది తిరిగింది, ప్లాను కోసం ఎదురుచూసినది కూలింది. ఫిట్టరుగా నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వెనక నుంచి ఒక తమ్ముడు చెయ్యెత్తుతున్నాడు, ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత అనే కదా? న్యాయమైన ప్రశ్న. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే ఆట విరిగిపడి ప్రాణాలు పోయాయి. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో నిప్పంటుకుని 27 మంది చనిపోయారు, చిన్న పిల్లలు కూడా. అనుమానం ఉన్న యంత్రాన్ని ఆపాల్సిందే, ఆ విషయంలో నేను అందరికంటే ముందుంటాను, టక్ మన్న రోజునే ఎన్నోసార్లు రాట్నం ఆపించి కాంట్రాక్టరుతో తగువు పడ్డాను. కానీ జారుడుబల్లకి బేరింగు లేదు తమ్ముడూ. నడక బాటకి గేర్‌బాక్సు లేదు. చెట్టు నీడకి టెండరు అక్కర్లేదు. యంత్రం దగ్గర తాడు కట్టండి, పార్కు గేటుకి తాళం దేనికి?

మన అమ్మవారి పండగకి చీపురుపల్లి నుంచో బొండపల్లి నుంచో జనం ముందు రోజే దిగుతారు. సిరిమాను, అంటే పూజారిని కొన మీద కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను, కోట దాకా మూడుసార్లు తిరిగేదాకా పిల్లలు ఎండకి నీడన కూర్చోడానికి చోటు ఆ పార్కే ఉండేది. మొన్న పండగకి ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకుని ఆ గేటు దగ్గర నిలబడి ఉంది. “ఏటి నాయినా, ఎప్పుడు తీత్తారు? గుంటడు రేతిరంతా రైలు రైలని కలవరించాడు” అని నన్నడిగింది. ఏం చెప్పను? సిరిమానుకి చెట్టు ఎక్కడుందో వెతికి, నరికి తెచ్చి, చెక్కి, బండి కట్టి, ఏ ఏడూ తప్పకుండా నిలబెడుతుంది మన ఊరు. అంత పని చెయ్యగలిగిన ఊరు ఒక రైలు షెడ్డు కప్పు నిలబెట్టలేదా?

చట్టం కూడా మన వైపే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో పన్నెండో షెడ్యూలు చదవండి, పార్కులు, తోటలు, ఆట మైదానాలు పట్టణ స్థానిక సంస్థల పని అని స్పష్టంగా ఉంది. 2015లో పట్టణాల కోసం కేంద్రం అమృత్ పథకం పెట్టినప్పుడు, అందులో చేర్చిన పట్టణాల్లో ఏటా కనీసం ఒక పిల్లల పార్కు అభివృద్ధి చెయ్యాలన్నారు. బెంగళూరులో పార్కుకి వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఈ చివరిది ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. మూసి ఉన్న పార్కు మూసినట్టే ఉండదు. జనం రావడం మానేస్తారు, ఎవరూ రావట్లేదు కదా అని ఇంకెవరో ఆ స్థలం అడుగుతారు. ఫుడ్ కోర్టు అంటారు, తర్వాత షాపులు అంటారు.

మన ఉత్తరాంధ్ర పిల్లలకి ఆడుకోడానికి చోటు ఇస్తే ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి పతకం తెచ్చింది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడకి వెళ్ళి చూడండి, ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు. పెద్ద పెద్ద స్టేడియాలు కట్టి ఇచ్చారా వాళ్ళకి?

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయింది. నేనడిగేది కోట్లు కాదు. పెద్ద ప్లాను ఫైలు అలాగే ఉంచుకోండి, డబ్బు వచ్చినప్పుడు చెయ్యండి. ఈలోగా రేకులు తీసి గేటు తెరవాలి. కంకర కుప్ప ఎత్తించాలి. రైలు షెడ్డు కప్పు వానలు రాకముందే సరిచెయ్యాలి. రాట్నాన్ని, రైలుని ఒక ఇంజనీరు చేత పరీక్ష చేయించి, బాగున్నది తిప్పాలి, లేనిది రాసి పెట్టాలి. వారానికి ఒక రోజు ఒక ఫిట్టరూ హెల్పరూ, గ్రీజు, ఆయిలు, ఇంతే ఖర్చు. ఫిట్టరు దొరక్కపోతే నేనున్నాను, కూలి అక్కర్లేదు. ఐటీఐ కుర్రాళ్ళని పంపితే బేరింగు వినడం నేర్పుతాను.

ఇవన్నీ రాసిన అర్జీ వెనక టీ బల్ల మీద పెట్టాను. సంతకంతో పాటు మీ వార్డు నంబరు వెయ్యండి, ఫోను నంబరు అక్కర్లేదు. డాక్టరు గారి ప్రసంగం అయ్యేలోగా కాగితాలు నిండాలి. ఈ సోమవారం అర్జీల రోజు, పొద్దున్న పది గంటలకి కలెక్టరేటు గేటు దగ్గర ఉంటాను. నాతో వచ్చేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. అలా సగం కాదు అన్నయ్య గారూ, పైకి ఎత్తండి, లెక్కపెట్టుకోవాలి.