మీరు చెప్పిన తేదీని ఎందరు నమ్ముతారు?

మిత్రులారా, నమస్కారం.

ప్రాజెక్టు మేనేజర్ కావాలనుకునే యువతీయువకులు కలిసినప్పుడు నన్ను మొదట అడిగేది ఏ సర్టిఫికెట్ చేయాలన్న ప్రశ్న. దానికి జవాబు ఉంది, కాస్త ఆగి చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఈ వృత్తిలో మనిషి దేనివల్ల ఎదుగుతాడన్నది. ప్రాజెక్టు మేనేజర్‌కు ఉన్న అసలైన ఆస్తి తాను చెప్పిన తేదీని నలుగురూ నమ్మడమేనని నా గట్టి అభిప్రాయం. హోదా, జీతం, పెద్ద పనులు ఆ నమ్మకం వెంటే వస్తాయి.

దేశమంతా మెట్రో మనిషిగా ఎరిగిన ఇ. శ్రీధరన్ సివిల్ ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో. 1964 డిసెంబరు తుపాను రామేశ్వరం దారిలోని పాంబన్ రైలు వంతెనను ధ్వంసం చేసినప్పుడు ఆయనకు 32 ఏళ్లు. పునరుద్ధరణకు రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో పని ముగించింది. ఈ అంకె చాలామందికి తెలుసు, ఎలా కుదిరిందన్నది మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. సముద్రంలో పడిపోయిన గర్డర్లను, అంటే వంతెనను మోసే దూలాలను, వెతికించి, పైకి తీయించి, వాటినే మళ్లీ అమర్చారు. కొత్త గర్డర్లు తయారై అంత దూరం చేరేదాకా కూర్చుని ఉంటే, ఎంతమంది ఎన్ని రాత్రులు పనిచేసినా 46 రోజుల మాట అసాధ్యం. ప్రతి గడువు కిందా ఎవరూ పైకి చెప్పని ఒక ఊహ ఉంటుంది. దాన్ని బయటికి లాగి, నిజమేనా అని అడిగినవారికే రోజులు కలిసివస్తాయి. అది చేయకుండా కూలీలను, ఉద్యోగులను పరుగెత్తించి గడువు అందుకోవాలని చూడటం నాకు ఏనాడూ నచ్చలేదు. అలా గెలిచిన గడువు వెనక అలసిపోయిన మనుషులు ఉంటారు, తర్వాతి ప్రాజెక్టుకు వారు మీతో రారు.

శ్రీధరన్ 1990లో రైల్వే నుంచి రిటైరయ్యారు. ఆయనకు పేరు తెచ్చిన పనులు చాలావరకు ఆ తర్వాతివే. సొరంగాలు, వంతెనలు నిండిన సుమారు 740 కిలోమీటర్ల కొంకణ్ రైలు మార్గం 1998లో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. 1997లో, 65 ఏళ్ల వయసులో, ఢిల్లీ మెట్రో బాధ్యత ఆయన చేతికి ఇచ్చారు. మొదటి దశను 2005లో, అనుకున్న గడువుకు రెండేళ్లకు పైగా ముందే పూర్తి చేశారు. అక్కడ కార్యాలయాల్లో, పనిచేసే చోట్ల, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే బోర్డులు పెట్టించారు. తేదీ ఒక్క అధికారి డైరీలో ఉండిపోకుండా పనిచేసే ప్రతి మనిషి కళ్ల ముందూ ఉండేది. 2009 జూలైలో ఢిల్లీలో నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన కూలిపోయి కార్మికులు చనిపోయినప్పుడు నైతిక బాధ్యత వహించి ఆయన రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారు 46 రోజుల కథతో పాటు ఈ రాజీనామాను కూడా గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇక మన రోజువారీ పనికి వద్దాం. మన ఆఫీసుల్లో, సైట్లలో ఎక్కువగా వినిపించే మాట "తొంభై శాతం అయిపోయింది సార్". వారం తర్వాత అడిగినా తొంభై శాతమే. ఆ మాట చెప్పే మనిషి అబద్ధం ఆడటం లేదు. తనకు కనిపించిన పని చెబుతున్నాడు, కనిపించని పని లెక్కలోకి రాలేదు. అందుకని ఎంత అయిందని అడగడం మానేయండి. ఏమేమి మిగిలాయి, అందులో ఏది ఎవరి దగ్గర ఆగింది, వారి నుంచి జవాబు ఏ రోజు రావాలి అని అడగండి. ఎవరి మీదా అరవకుండా ఈ ప్రశ్నలు ప్రతి వారం అడగగలిగితే ఆరు నెలల్లో మీ బృందం మీతో మాట్లాడే తీరే మారుతుంది.

అంచనా వేయడం నేర్చుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. 1958లో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి పని కోసం తయారు చేయించుకున్న పెర్ట్ పద్ధతి అది. ప్రతి పనికీ మూడు అంకెలు అడుగుతారు: అన్నీ కలిసివస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని. ఉదాహరణకు 10, 14, 30 అనుకోండి. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 16 వస్తుంది. 14 రోజులని చెప్పే అలవాటున్న మనం 16 చెప్పాలన్నమాట. ఆ రెండు రోజుల తేడా కన్నా నాకు విలువైనది మూడో అంకె. ముప్పై ఎందుకు అన్నారని అడిగి చూడండి. "ఆ అనుమతి ఆలస్యం కావచ్చు", "ఆ యంత్రం ఒక్కటే ఉంది", "ఈ పని తెలిసినవాడు ఒక్కడే, వాడి చెల్లెలి పెళ్లి వచ్చే నెల". ప్రాజెక్టుకు రాబోయే ఇబ్బందులన్నీ ఆ జవాబుల్లోనే ఉంటాయి. వాటిని ఒక పట్టికలో రాసుకుని, ఒక్కోదానికీ బాధ్యుడి పేరు పెట్టుకుంటే రిస్కు రిజిస్టరు తయారైనట్టే. మీరు వేసిన ప్రతి అంచనా పక్కన నిజంగా పట్టిన రోజులు రాసే ఒక సొంత పుస్తకం కూడా పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఏ కోర్సూ నేర్పలేని విషయం అది మీకు చెబుతుంది: ఏ రకం పనిని మీరు ఎప్పుడూ తక్కువగా లెక్కేస్తున్నారో తెలుస్తుంది.

చెడు వార్త సంగతి. తేదీ జారిపోతోందని తెలిసిన రోజే పైవారికి చెప్పాలి. మన పెంపకంలో పెద్దల ముందు ఇలాంటిది చెప్పడానికి నోరు రాదు, అది నాకు తెలుసు. వట్టి చేతులతో వెళ్లకండి. ఇది జారింది, రెండు దారులున్నాయి, మొదటిదానికి ఇంత ఖర్చు, రెండోదానికి ఇన్ని రోజులు, నేను మొదటిదే మంచిదంటాను అని చెప్పండి. ఇలా చెప్పగలిగే వ్యక్తిని పై అధికారి మరిచిపోడు.

అడుగు పెట్టే దారులు రంగాన్ని బట్టి మారతాయి. నిర్మాణ రంగంలో సైట్ ఇంజినీరుగా దుమ్ములో పనిచేసి, తర్వాత పనుల షెడ్యూలు వేసే ప్రైమవేరా సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ప్లానింగ్ ఇంజినీరు కావడం మంచి దారి. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసో, టెస్టింగ్ చేసో, కనీసం మూడు నాలుగేళ్లు పని లోతు తెలుసుకున్నాక ఈ వైపు రండి. ఫార్మాలో నాణ్యతా విభాగం, అనుమతుల విభాగం ఎలా ఆలోచిస్తాయో తెలిసినవారికి విలువ ఎక్కువ. ఎక్కడైనా సరే, డబ్బు లెక్క తెలియకుండా కోఆర్డినేటర్ హోదా దాటి పైకి పోవడం కష్టం. ఒప్పందం చదవండి. బిల్లు ఏ పని పూర్తయితే లేస్తుందో, ఆలస్యానికి జరిమానా ఎంతో తెలుసుకోండి. అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట చెబుతాను. మీటింగులో మినిట్స్ రాసే పని మన దగ్గర ఎందుకో ఎక్కువగా మీకే అప్పజెబుతారు. ఒకటి రెండుసార్లు రాయండి, తర్వాత బడ్జెట్ పని అడిగి తీసుకోండి. మీటింగ్ నోట్సు, స్టేటస్ రిపోర్టు ఇప్పుడు కంప్యూటరే రాసిపెడుతోంది. వాటి మీదే ఉద్యోగం నిలబెట్టుకోవడం ఇక ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు సర్టిఫికెట్. పీఎంఐ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ, 1984 నుంచి పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) పరీక్ష నడుపుతోంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు దానికి కూర్చోవాలంటే ప్రాజెక్టులు నడిపించిన 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలి. పాసయ్యాక మూడేళ్లకోసారి, నేర్చుకుంటూనే ఉన్నామని చూపి పునరుద్ధరించుకోవాలి. అనుభవం లేనివారికి అదే సంస్థ ఇచ్చే క్యాపమ్ అనే తొలి మెట్టు సర్టిఫికెట్ ఉంది. అనుభవం వచ్చాక పీఎంపీ తప్పకుండా చేయండి. ముఖ్యంగా గల్ఫ్ దేశాలకో, అమెరికాకో వెళ్లాలనుకునేవారికి అది తలుపు తెరుస్తుంది. అయితే లేని అనుభవాన్ని దరఖాస్తులో సృష్టించి రాయమని సలహా ఇచ్చేవారు కనబడతారు. దయచేసి వారి మాట వినకండి. తన తేదీని నమ్మమని అడగబోయే మనిషి మొదటి కాగితం మీదే అబద్ధం రాయకూడదు.

మీలో కొందరు త్వరలో ఇంటర్వ్యూలకు వెళ్తారు. చివర్లో మీకేమైనా ప్రశ్నలున్నాయా అని అడిగినప్పుడు ఇది అడగండి: "మీ దగ్గర గడువు తేదీని ఎవరు నిర్ణయిస్తారు? పని చేసేవారిని అడిగాక నిర్ణయిస్తారా, అడగకముందేనా?" జవాబు చెప్పడానికి వారు ఇబ్బంది పడితే, జీతం కొంచెం ఎక్కువైనా ఆ ఉద్యోగం గురించి మరోసారి ఆలోచించుకోండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.