పన్నెండేళ్లకు బడి మెట్లెక్కిన దేశాధ్యక్షుడు

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వార్షికోత్సవం కదా, ఎవరైనా జాతి నాయకుడి బాల్యం గురించి మాట్లాడమన్నారు. నేను టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరేని ఎంచుకున్నాను.

ఆయన 1922లో విక్టోరియా సరస్సుకు తూర్పున ఉన్న బుటియామా అనే పల్లెలో పుట్టారు. తండ్రి జనాకీ తెగ నాయకుల్లో ఒకరు. నాయకుడి కొడుకే అయినా మేకలు కాశాడు, ఇంటి పనులు చేశాడు. బావో ఆటంటే ప్రాణం. మన వామనగుంటలకు దగ్గరి చుట్టం అది. గుంటల్లో గింజలు పంచుతూ అవతలివాడి ఎత్తు ముందే లెక్కగట్టాలి. అంత తెలివైన పిల్లాడు బడిలో ఎప్పుడు చేరాడు? పన్నెండేళ్లకి. పిల్లలూ, విన్నారా? పన్నెండేళ్లకి!

1934లో ఇరవై ఆరు మైళ్ల దూరంలోని ముసోమా పట్నంలో చేర్చారు. నాలుగేళ్ల చదువు మూడేళ్లలో ముగించాడు. ఆ తర్వాత టబోరా ప్రభుత్వ పాఠశాల, ఉగాండాలోని మకెరెరే కాలేజీలో టీచర్ ట్రైనింగ్, 1952లో ఎడిన్‌బరోలో ఎం.ఏ. ఆ వివరాలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. నా మనసు మాత్రం ముసోమా దగ్గరే ఆగిపోతుంది.

కారణం చెబుతాను. నేను కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక గొర్రెల కాపరి తన కూతుర్ని బడికి తీసుకొచ్చాడు. పదకొండేళ్లుంటాయి. కొత్త పలక, దానికి ఇంకా కాగితం చుట్టే ఉంది. "ఇంత పెద్దపిల్ల ఒకటో తరగతేంటయ్యా, అందరూ నవ్వుతారు" అన్నారు హెడ్మాస్టరు. నేను వాదించాను. "మీ క్లాసు మీరు చూసుకోండి" అన్నారు. తండ్రి మారు మాట్లాడలేదు. ఆ పిల్ల పలకను ఓణీలో దాచుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు.

నైరేరేని చూసి కూడా ముసోమాలో ఎవరో ఒకరు ఆ మాటే అని ఉంటే? ఆయన టీచరయ్యారు, 1954లో స్వాతంత్ర్యం కోసం టాను అనే పార్టీ పెట్టారు. ఉద్యోగమో, రాజకీయమో తేల్చుకోమంటే మరుసటి ఏడాది ఉద్యోగం వదులుకున్నారు. 1961లో స్వాతంత్ర్యం తెచ్చారు. 1974లో ఆయన పార్టీ అదే ముసోమాలో సమావేశమై, దేశంలో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ప్రాథమిక విద్య అందాలని తీర్మానించింది.

ఇక్కడున్న టీచర్లకు ఒక్క మాట. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చూడండి. బడి ముఖం చూడని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, విడిగా శిక్షణ ఇవ్వాలని రాసుంది. జూన్‌లో ఇటుక బట్టీల నుంచి, మందల వెంట నుంచి పెద్దపిల్లలు వస్తారు. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి సందేహిస్తుంటాడు. ముందు మీరే లేచి వెళ్లి ఆ పిల్ల పేరు అడగండి.