రేకు ఎందుకు వంగాలి? రోడ్డు పక్క క్రాష్ బ్యారియర్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ముప్పై ఏళ్ళు రోడ్ల పనులు చూసి రిటైరైన ఇంజనీరు గారు మన స్టూడియోలో ఉన్నారు. హైవే పక్కన, ఘాట్ మలుపుల్లో కనిపించే ఇనుప రెయిలింగు గురించి ఏదైనా అడగండి. మొదటి కాల్ చంద్రగిరి నుంచి.

శ్రోత: నమస్తే సార్. నేను ట్యాక్సీ తోలతాను. పోయిన వారం భాకరాపేట ఘాట్‌లో ఒక కారు రెయిలింగుకు కొట్టుకుంది. లోపలున్న వాళ్ళు బాగానే బయటికి వచ్చినారు. రేకు మాత్రం అప్పడం మాదిరి నలిగిపోయింది. ఇంత పల్చటి రేకు ఎందుకు సార్, గట్టిగా గోడ కట్టేస్తే సరిపోదా?

ఇంజనీరు: వాళ్ళు బాగానే బయటికి వచ్చారంటే ఆ రేకు తన పని చేసినట్టే నాయనా. అది బండిని మెల్లగా తిప్పి రోడ్డు వెంబడి పంపాలి. కారు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ 20 డిగ్రీల వాలుగా తగిలిందనుకో, రేకు మీదికి సూటిగా పడే వేగం 34 కిలోమీటర్లే. రేకూ స్తంభాలూ వంగుతూ ఆ ఊపును మింగేస్తాయి. అవి వంగకపోతే ఆ దెబ్బంతా లోపలున్న మనుషులకు తగులుతుంది.

లోయ అంచున రేకు వంగడానికి చోటు లేకపోతే కాంక్రీటు బ్యారియరే మేలు. దానికీ ఒక ఆకారం ఉంది. కింద వాలుగా ఉంటుంది, టైరు కొంచెం ఎక్కి వెనక్కి మళ్ళుతుంది. లోపల ఇనుప చువ్వలు లేని రాతి పిట్టగోడ అయితే బస్సు తగిలితే రాళ్ళుగా విడిపోతుంది.

యాంకర్: బలం ఎంతో ఎట్లా తేలుస్తారు సార్?

ఇంజనీరు: నిజం బండినే తీసుకొచ్చి గుద్దిస్తారమ్మా. యూరప్‌లో ఈఎన్ 1317 అనే ప్రమాణం ఉంది. మామూలు హైవే రెయిలింగుకు 1,500 కిలోల కారును 110 వేగంతో, 900 కిలోల చిన్న కారును 100 వేగంతో వదుల్తారు. చిన్న కారు ఎందుకంటే, బరువు బండిని ఆపాలని మరీ గట్టిగా కడితే చిన్న కారులో ఉన్నవాళ్ళు దెబ్బతింటారు. బండి రేకు దాటిందా, బోల్తా పడిందా, ముక్కలేమైనా లోపలికి గుచ్చుకున్నాయా, తిరిగి అవతలి బండ్ల మీదికి పోయిందా, అన్నీ చూస్తారు. మన దగ్గర ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో తెచ్చిన ఐఆర్‌సీ 119 మార్గదర్శకాలు ఉన్నాయి. 2023లో మహారాష్ట్రలోని వణి-వరోరా రోడ్డు పక్కన 200 మీటర్లు వెదురు బ్యారియర్ పెట్టారు. దాన్ని కూడా ముందు మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో, బండ్లను పరీక్షించే కేంద్రంలో పరీక్షించారు.

బస్సుల కోసం 13 టన్నుల బస్సును 70 వేగంతో వదుల్తారు. ఆ దెబ్బ, నేను చెప్పిన 1,500 కిలోల కారు దెబ్బకు మూడున్నర రెట్లు. కారు కోసం పెట్టిన రేకు బస్సును ఆపుతుందని నమ్ముకోకూడదు. 2022 మార్చిలో ఇదే భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న వాళ్ళ బస్సు లోయలో పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ మలుపులో ఏ రకం బ్యారియర్ కావాలో అక్కడ తిరిగే బండ్లను చూసి పెట్టాలి.

యాంకర్: పూతలపట్టు దగ్గర పల్లె నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు.

శ్రోత: సార్, మా ఊరి దారి దగ్గర రెయిలింగు ఆగిపోతుంది. ఆ కొస వచ్చే బండ్లకు ఎదురుగా ఈటె మాదిరి నిలబడి ఉంది. మా పిల్లోడు రోజూ ఆ దారినే చిత్తూరుకు పోయొస్తాడు. చూస్తేనే టెన్షన్.

ఇంజనీరు: మొదట్నుంచీ అట్లానే ఉందామ్మా, మధ్యలో ఎవరైనా కోశారా?

శ్రోత: మా ఊరోళ్ళే కోసినారు సార్. పాల వ్యాను తిరగడానికి దారి లేదని.

ఇంజనీరు: ఉన్నమాట చెప్పినావు తల్లీ. దారి లేకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు! కానీ రెయిలింగు రెండు కొసల మధ్య బిగించి కట్టిన తాడు లాంటిది. కొసలు భూమిని పట్టుకుని ఉంటేనే మధ్యలో తగిలిన బండిని తిప్పుతుంది. కోసిన చోట ఆ బిగువు పోతుంది. ఎదురుగా ఉన్న కొస ఇంకా ప్రమాదం. సర్వీసులో ఉండగా అట్లాంటి కారు ఒకటి చూశాను. రేకు ముందు నుంచి దూరి వెనక సీటు దాకా పోయింది, ముందు సీటు కవరు దాని మడతకు చుట్టుకుని ఉంది. అప్పట్నుంచి ఏ సైటుకు పోయినా ముందు కొసలే చూసేవాణ్ణి.

కొసను రోడ్డుకు దూరంగా వంచి గట్టులోకి దించాలి, లేదా గుద్దినప్పుడు రేకు వెంబడి జారుతూ దెబ్బను మింగే, పరీక్షించిన ముక్క బిగించాలి. కొసను ఊరికే నేలలోకి వాల్చితే ర్యాంపు మాదిరి బండిని గాల్లోకి లేపుతుంది. మీది జాతీయ రహదారి కదా, 1033కు ఫోన్ చేయండి. కిలోమీటరు రాయి మీది అంకె తప్పకుండా చెప్పండి. ఊరికి దారి కావాలని కూడా రాతపూర్వకంగా అడగండి, రెయిలింగును మీ దారి వైపు వంపు తిప్పి ముగించొచ్చు. అంతవరకూ రాళ్ళు నింపిన డ్రమ్ము మాత్రం అడ్డం పెట్టొద్దు, అది ఇంకో గండం.

యాంకర్: ఒక మెసేజ్. పెరటాసి నెలలో నడిచి కొండకు పోయే భక్తులు రెయిలింగు వెనక కూర్చోవచ్చా అని.

ఇంజనీరు: ఆనుకుని కూర్చోవద్దు. బండి తగిలితే రేకు ఒక మీటరు దాకా వెనక్కి రావచ్చు. బాగా దూరంగా, చెట్టు కింద కూర్చోండి. బైకు వాళ్ళకూ ఒక మాట. ఈ రెయిలింగు కార్ల కోసం చేసింది, జారి పడినవాణ్ణి దాని స్తంభమే కొడుతుంది. కొన్ని దేశాల్లో మలుపుల దగ్గర కింద ఇంకో రేకు బిగిస్తారు. మన ఘాట్లలోనూ అది రావాలి.

యాంకర్: చివరి కాల్, పలమనేరు.

శ్రోత: నేను ఈ రెయిలింగులు బిగించే పనికి పోతాను సార్. ఒక రోడ్డులో తారు మీద తారు వేసినారు. రెయిలింగు ఇప్పుడు మోకాలి ఎత్తే కనిపిస్తుంది.

ఇంజనీరు: స్తంభం పొడవు 1.8 మీటర్లు, అందులో 1.1 మీటర్లు భూమిలో ఉండాలి. రేకు పై అంచు రోడ్డు నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. రోడ్డు పెరిగి రేకు కిందికి పోతే బండి దాని మీదెక్కి దాటేస్తుంది. స్తంభానికీ రేకుకూ మధ్య స్పేసర్లు, అంటే రేకును స్తంభానికి ఎడంగా ఉంచే ముక్కలు, ఉన్నాయా?

శ్రోత: కొన్నింటికి లేవు సార్. నేరుగా బిగించేసినారు.

ఇంజనీరు: స్పేసర్ లేకపోతే చక్రం పోయి స్తంభానికి తగులుకుంటుంది, బండి గిర్రున తిరుగుతుంది. అతుకు కూడా చూడు, బండ్లు వచ్చే వైపు రేకు పైన ఉండాలి. స్తంభాన్ని చేత్తో ఊపి చూడు, వదులు మట్టి నింపి ఉంటే కదుల్తుంది.

శ్రోత: రేపు పనికి పోతూ టేపు తీసుకుపోతా సార్.

ఇంజనీరు: సుద్దముక్క కూడా తీసుకుపో. ఎత్తు తక్కువున్న ప్రతి స్తంభం మీదా కొలత రాసి ఫోటో తియ్. కిలోమీటరు రాయి కూడా ఫోటోలో పడాలి.